కాపలాదారులా? తోటి బాటసారులా?



మా విచారణ విశ్వవిద్యాలయం ఉన్న పట్టణంలో ఉంది. ప్రతి ఏటా కొత్త తరగతులు మొదలయ్యే రోజుల్లో, ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక దేవాలయం మెట్ల దగ్గర కొత్త ముఖాలు కనిపిస్తాయి. చేతిలో సూట్‌కేసు, పక్కన కొత్త బకెట్టు, చుట్టిన పరుపు. పిల్లల వెనుక తల్లిదండ్రులు. వారిలో చాలామంది పొలం పనో, కూలి పనో చేసుకునేవారు. తమ ఇంట్లో డిగ్రీ దాటి చదవబోతున్న మొదటి బిడ్డను దిగబెట్టడానికి రాత్రి బస్సెక్కి వచ్చినవారు. హాస్టలు చూసుకుని, ఫీజు కట్టి, చివరకు గుడికి వచ్చి, "ఫాదర్ గారూ, మా బిడ్డను మీ చేతుల్లో పెడుతున్నాం" అని కళ్ళు తుడుచుకుంటారు.

ఈ పిల్లల కోసం మా విచారణలో ఒక చిన్న విద్యార్థి సేవాబృందం పనిచేస్తున్నది. వారిని ఈ శీర్షికలో పరిచయం చేయమని సంపాదకులు అడిగారు. వారు ఎవరు, ఏం చేస్తారు, ఎప్పుడు కలుసుకోవచ్చు అన్న నాలుగు ముక్కలు రాస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. కాని ఈ మధ్య జరిగిన ఒక సంఘటన నా ఆలోచనను మార్చింది. ఈ బృందంలో ఎవరున్నారన్న ప్రశ్న కన్నా, ఈ బృందం ఎవరి పక్షాన ఉన్నదన్న ప్రశ్న పెద్దదని నాకు అర్థమైంది.

జరిగిందిది. ఎం.ఎస్సీ.లో చేరిన ఒక అమ్మాయి తండ్రి మా బృందంలోని సిస్టర్ గారిని కలిశారు. భక్తిపరుడు, తన ఊళ్ళో గుడి పెద్ద. "సిస్టర్ గారూ, మా అమ్మాయి ప్రతి ఆదివారం పూజకు వస్తున్నదో లేదో, ఎవరితో తిరుగుతున్నదో, ఏం మాట్లాడుతున్నదో వారానికొకసారి నాకు ఫోన్ చేసి చెప్పాలి" అని అడిగారు. సిస్టర్ గారు నెమ్మదిగా ఇలా అన్నారు: "అయ్యా, మీ అమ్మాయికి జ్వరమొస్తే ఆ రాత్రే మీకు ఫోన్ చేస్తాను. కాని ఆమె మనసులోని మాట ఆమే మీకు చెప్పాలి. అలా చెప్పేందుకు ఆమెకు ధైర్యమిస్తాను. ఆమెకు తెలియకుండా నేను మాత్రం చెప్పను."

ఆ తండ్రి నొచ్చుకున్నారు. నేరుగా నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, మీరు విచారణకర్తలు. ఆమెకు మీరు చెప్పండి. కన్నతండ్రికి చెప్పకూడని రహస్యాలు గుడిలో ఏముంటాయి?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని తేలికగా తోసిపుచ్చలేను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నం.

బృందంలో ఎవరున్నారు?

ముందు పరిచయం చేస్తాను. బృందంలో ఉన్నది అయిదుగురు. సిస్టర్ గారు ఒకరు. కళాశాలలో పాఠాలు చెప్పే భార్యాభర్తలు ఇద్దరు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు. పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒకరు. వీరిలో ఎవరికీ దీనికి జీతం లేదు. ఆదివారం సాయంత్రం పూజ తరువాత గుడి వెనుక షెడ్డులో టీ కాచి, పిల్లలతో కూర్చుంటారు. కొత్తగా వచ్చినవారికి మంచి హాస్టలు చూపిస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము సకాలంలో రాక పరీక్షకు కూర్చోనిస్తారో లేదోనని బెంగపడే పిల్లవాడితో కలిసి ఆఫీసుకు వెళ్తారు. తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఇంగ్లీషు పాఠం అర్థంకాక వెనుక బెంచీలో ముడుచుకుని కూర్చునే అమ్మాయికి లెక్చరర్ దంపతులు సాయంత్రాలు పాఠం విప్పి చెబుతారు. నెలకొకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, చూడవచ్చేవారు లేని రోగుల దగ్గర కూర్చుంటారు.

ఇది మా విచారణ కనిపెట్టిన కొత్త పని కాదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్టంలోని 813వ అధికరణం విశ్వవిద్యాలయ విద్యార్థుల పట్ల ప్రత్యేక శ్రద్ధ వహించే బాధ్యతను పీఠాధిపతుల మీద ఉంచింది. వారికోసం గురువులను నియమించాలని, కతోలికేతర విశ్వవిద్యాలయాల దగ్గర సైతం విద్యార్థులకు చేయూతనిచ్చే కేంద్రాలుండాలని చెప్పింది. మన దేశంలో అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య 1924లోనే ఆరంభమైంది. తరువాతి కాలంలో జగద్గురువైన పునీత ఆరవ పౌలుగారు యువ గురువుగా ఉన్నప్పుడు, 1925 నుండి 1933 వరకు, ఇటలీ కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్యకు ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఉన్నారు. అవి ముస్సోలినీ రోజులు. 1931లో ప్రభుత్వం కతోలిక యువజన సంఘాలను మూయించింది కూడా. విద్యార్థుల వెంట నడవడం ఎంత కష్టమో, ఎంత అవసరమో ఆయనకు అనుభవం మీద తెలుసు.

నేను చేసిన పొరపాటు

ఆ తండ్రికి జవాబు చెప్పేముందు నా కథ ఒకటి ఒప్పుకోవాలి. గురుపట్టం పొందిన తొలి సంవత్సరాల్లో ఒక విద్యార్థి వసతిగృహం బాధ్యత నాకు అప్పగించారు. అక్కడొక కుర్రవాడుండేవాడు. తెలివైనవాడు, ప్రశ్నలు వేసేవాడు. ఒక రాత్రి నా గదికి వచ్చి, తనకు ప్రార్థన చేయాలనిపించడం లేదని, దేవుడున్నాడో లేడో తెలియడం లేదని చెప్పుకున్నాడు. గంటసేపు మాట్లాడాడు. నేను విన్నాను. మరునాడు అతని తండ్రికి ఉత్తరం రాశాను. మంచి ఉద్దేశంతోనే రాశాను. కన్నవారికి తెలియాలి కదా అనుకున్నాను.

తండ్రి వచ్చారు. అందరి ఎదుటా కొడుకును తిట్టారు. చేయి కూడా చేసుకున్నారు. ఆ కుర్రవాడు తండ్రిని ఏమీ అనలేదు. నా వైపు చూశాడు, అంతే. ఆ తరువాత ప్రతి ఆదివారం పూజకు వచ్చాడు. మొదటి వరుసలో నిలబడ్డాడు. చదువు పూర్తయిన రోజున గుడి గడప దాటాడు, మళ్ళీ ఎక్కలేదని విన్నాను. ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా పూజలో అతన్ని తలచుకుంటూనే ఉన్నాను.

నేను పాపసంకీర్తన రహస్యాన్ని ఉల్లంఘించలేదు. అతడు నా దగ్గర పాపసంకీర్తనం చేయలేదు, మాట్లాడాడు. కనుక చట్టం ప్రకారం నా తప్పేమీ లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాని చట్టం పట్టుకోని తప్పులు కూడా ఉంటాయి. ఆ పిల్లవాడు తన సందేహాన్ని నా చేతిలో పెట్టాడు. ఆ సందేహాన్ని నేను అతనికి ఎదురుగా నిలిపాను. అతని దేహాన్ని గుడికి తెచ్చుకుని, మనసును పోగొట్టుకున్నాను.

తల్లిదండ్రుల హక్కు ఎంతవరకు?

తల్లిదండ్రుల మాట చిన్నదని నేను అనడం లేదు. నాలుగవ ఆజ్ఞ దేవుడిచ్చిన ఆజ్ఞ. దానికి వయోపరిమితి లేదు. ఎనభై ఏళ్ళ తల్లిని అరవై ఏళ్ళ కొడుకు గౌరవించవలసిందే. అయితే గౌరవం వేరు, విధేయత వేరు. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఈ తేడాను స్పష్టంగా చూపిస్తుంది. ఇంట్లో తల్లిదండ్రుల నీడన ఉన్నంతకాలం పిల్లలు వారి మాట వినాలి. ఎదిగి సొంతకాళ్ళ మీద నిలబడ్డాక ఆ విధేయత ముగుస్తుంది గాని గౌరవం ముగియదు. ఉద్యోగాన్ని, జీవితాంతస్తును ఎంచుకునే హక్కు, బాధ్యత ఎదిగిన బిడ్డలవే. తల్లిదండ్రులు సలహా చెప్పవచ్చు, ఒత్తిడి చేయరాదు.

ఇరవై ఒక్క ఏళ్ళ బిడ్డ ఈ రెండు స్థితులకూ మధ్య నిలబడి ఉంటుంది. మెస్ బిల్లు తండ్రే కట్టాలి. కాని ఓటు తనది, సంతకం తనది, దేవుని ఎదుట లెక్క చెప్పవలసిన ఆత్మ కూడా తనదే. ఫీజు కట్టేవారికి మార్కులెన్ని వచ్చాయని అడిగే హక్కుంది. మనసులో ఏముందని అడిగే హక్కు కూడా ఉంది. ఎందుకంటే అది ప్రేమ అడిగే ప్రశ్న. కాని ఆ ప్రశ్నను బిడ్డనే అడగాలి. బిడ్డకు తెలియకుండా మూడో మనిషి ద్వారా మనసులో మాట రాబట్టడం ప్రేమ పనిలా కనిపిస్తుంది గాని, అది భయం చేసే పని.

మరొక సంగతి కూడా చెప్పాలి. పిల్లలు గుడికి రాకపోవడానికి కారణం ఎప్పుడూ అవిశ్వాసమే కాదు. మన కుటుంబాల్లో చాలామందికి తెలిసిన విషయమే ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమైంది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. అందువల్ల బిడ్డ చదువు కోసం సర్టిఫికెట్టులో ఒకటి, జ్ఞానస్నాన పుస్తకంలో మరొకటి రాయించిన తండ్రులు మన మధ్య ఉన్నారు. ఆ కాగితం పట్టుకుని విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రవాడు, తోటివారెవరైనా చూస్తారేమోనని గుడి ఉన్న వీధిలో తలవంచుకుని నడుస్తాడు. "మావాడు పూజకు రావడం లేదెందుకు?" అని తండ్రి మమ్మల్ని అడుగుతారు. జవాబు ఆయన ఇంటి బీరువాలోనే ఉంటుంది! ఆ కుర్రవాణ్ణి భక్తిలేనివాడని రాసిపెట్టుకునే కాపలాదారు వల్ల ఎవరికి మేలు? చట్టం చేసిన అన్యాయాన్ని, తండ్రి పడిన ఇబ్బందిని, కొడుకు మోస్తున్న బరువును అర్థం చేసుకుని, వారిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగిన మనిషి వల్లనే మేలు.

మోనికమ్మగారి కన్నీళ్ళు

పిల్లల చదువుల గురించి కన్నీరు పెట్టుకునే తల్లులందరికీ పునీత మోనికమ్మగారు తెలుసు. ఆమె కొడుకు అగుస్తీను పదిహేడేళ్ళ వయసులో పెద్ద చదువు కోసం కార్తేజు నగరానికి వెళ్ళాడు. ఉత్తర ఆఫ్రికాలో ఒక చిన్న పట్టణం నుంచి వచ్చినవాడు. నగరంలో నాటకాలు, స్నేహాలు, పేరు మీద మోజు అతన్ని లాక్కుపోయాయి. కొద్ది కాలానికే తల్లి మతాన్ని వదిలి మనికేయుల బోధలో పడ్డాడు. ఇవాళ మన పిల్లల గురించి మనం భయపడేవన్నీ పదహారు శతాబ్దాల క్రితమే ఆ ఇంట్లో జరిగాయి.

అప్పుడు మోనికమ్మగారు ఒక పీఠాధిపతి దగ్గరకు వెళ్ళి, తన కొడుకుతో వాదించి దారికి తెమ్మని వేడుకున్నారు. ఆయన కూడా చిన్నతనంలో ఆ మనికేయుల మధ్యనే పెరిగినవారు. అయినా ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా అతడు వినే స్థితిలో లేడని, వదిలిపెట్టి ప్రార్థించమని, చదువుతూ చదువుతూ తన తప్పు తానే తెలుసుకుంటాడని చెప్పారు. ఆమె పట్టువదలక ఏడుస్తుంటే, ఆ తల్లి కన్నీరు వృథాపోదని ధైర్యం చెప్పి పంపారు. కొడుకు మీద వాత్సల్యం లేక కాదు ఆయన అలా చెప్పింది. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసి చెప్పారు.

క్రీ.శ. 383లో అగుస్తీను రోము నగరానికి బయలుదేరాడు. తల్లి వెళ్ళనివ్వదని, రేవు దగ్గర ఉన్న ఒక చిన్న ప్రార్థనాలయంలో ఆమెను ఆ రాత్రికి ఉండమని చెప్పి, తాను ఓడెక్కి వెళ్ళిపోయాడు. గట్టిగా పట్టుకున్న చేతిని విడిపించుకోవడానికి కన్నతల్లితోనే అబద్ధమాడాడు. ఆ తరువాత మిలాను నగరంలో పీఠాధిపతి పునీత అంబ్రోసుగారిని కలిశాడు. అగుస్తీనువారే తరువాత రాసుకున్నట్లు, మొదట ఆయనను ఆకర్షించింది అంబ్రోసుగారి బోధ కాదు, ఆయన చూపిన ఆదరణ. అంబ్రోసుగారి గది తలుపులు ఎవరికైనా తెరిచే ఉండేవి. ఎవరైనా చెప్పకుండానే లోపలికి వెళ్ళవచ్చు. 387 పాస్కా రాత్రి ఆయన చేతుల మీదుగానే అగుస్తీను జ్ఞానస్నానం పొందాడు. మోనికమ్మగారు అది కళ్ళారా చూశారు.

తల్లి ప్రార్థన లేకపోతే ఆ రోజు వచ్చేది కాదు. అయితే తల్లి పట్టుకున్న చేయి చేయలేని పనిని మిలానులో తెరిచి ఉన్న ఒక తలుపు చేసింది. మా బృందం అలాంటి తలుపు కావాలని మా కోరిక.

అంతరాత్మ మాట

ఇది కేవలం ఉపాయం సంగతి కాదు, సత్యం సంగతి. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాస్ అక్వినాసుగారి బోధ ఒకటి నన్ను ఉలిక్కిపడేలా చేసింది. అంతరాత్మ పొరపడినా సరే, దానికి విరుద్ధంగా నడుచుకోవడం తప్పేనంటారాయన. అక్కడితో ఆగక, ఎంత దూరం వెళ్తారంటే, క్రీస్తునందు విశ్వాసం స్వతహాగా మంచిదే అయినా, అది చెడ్డదని ఒకని బుద్ధి నిజంగా అతనికి చూపిస్తే, ఆ స్థితిలో దాన్ని పైకి ఒప్పుకోవడం అతనికి మంచి అవదంటారు. పొరపడిన అంతరాత్మ మనిషికి ఎప్పుడూ సాకు అవుతుందని కాదు. దాన్ని సరిదిద్దుకోవలసిన బాధ్యత అతనిదే. కాని సరిదిద్దుకునే దారి బుద్ధిలోంచి, మనసులోంచి వెళ్ళాలి. భయంలోంచి వెళ్ళకూడదు.

ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో మత స్వేచ్ఛపై వెలువరించిన ప్రకటన సారం కూడా ఇదే. బలవంతపు విశ్వాసం విశ్వాసం కాదు. నిప్పు దగ్గరకు పోయే పసివాణ్ణి చేయి పట్టి లాగవచ్చు, లాగాలి. ఎందుకంటే అక్కడ కాపాడవలసింది దేహాన్ని. ప్రేమను, నమ్మకాన్ని అలా లాగలేం. నా వసతిగృహం కుర్రవాడు మొదటి వరుసలో నిలబడిన ఆ ఆదివారాలను తలచుకుంటే, నేను దేవునికి ఒక భక్తుణ్ణి ఇవ్వలేదని, ఒక నటుణ్ణి ఇచ్చానని తెలుస్తుంది. దేవునికి అటువంటి కానుక అక్కర్లేదు.

అయితే చూస్తూ ఊరుకోవాలా?

ఇక్కడొక ప్రమాదం ఉంది. స్వేచ్ఛ పేరు చెప్పి చేతులు దులుపుకునే వారు కూడా ఉంటారు. "నీ ఇష్టం, నీ బతుకు" అనడం గౌరవం కాదు, పట్టనితనం. ఎదుటివారి మేలు కోరడమే ప్రేమ అని మన పెద్దలు నేర్పారు. మేలు కోరేవాడు తప్పును తప్పని చెప్పాలి. మా బృందంలోని పెద్దాయన ఈ విషయంలో మొహమాటం లేని మనిషి. తనకిక దేవుడి మీద నమ్మకం లేదని ఒక కుర్రవాడు చెబితే, "లేదని చెప్పడానికి గుడికే వచ్చావు, సంతోషం. నువ్వు చెప్పినదాంట్లో రెండు మాటలు తప్పు. బుధవారం వస్తే ఎందుకు తప్పో చెబుతాను, వాదించు" అన్నారట. కుర్రవాడు బుధవారం వచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు, ఇప్పటికీ వాదిస్తున్నాడు. ఆదివారం వస్తాడా అని నేను అడగలేదు.

అలాగే, రహస్యానికి కూడా హద్దుంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఏ కారణం చేతనూ బయటపెట్టరాదు. దానికి మినహాయింపు లేదు. కాని మామూలుగా నమ్మి చెప్పిన మాట సంగతి వేరు. దాన్ని కాపాడాలి, అయితే దాచడం వల్ల ఘోరమైన కీడు జరిగేటట్లుంటే, తప్పించడానికి మరో మార్గం లేకపోతే, చెప్పవచ్చునని శ్రీసభ సత్యోపదేశం అంటుంది. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అందుకే మా బృందం మూడు నియమాలు పెట్టుకుంది. వాటిని తల్లిదండ్రులకు, పిల్లలకు ఒకేసారి, ఒకేచోట చదివి వినిపిస్తారు.

మొదటిది: పిల్లలు చెప్పుకున్న మాటలను తల్లిదండ్రులకు గాని, నాకు గాని, మరెవరికీ గాని చేరవేయరు.

రెండవది: ప్రాణానికి ముప్పు ఉన్నా, ఎవరైనా వారిని హింసిస్తున్నా, ఎవరికైనా కీడు జరగబోతున్నా మౌనంగా ఉండరు. "ఈ మాట నేను దాచలేను, ఇద్దరం కలిసి చెబుదాం" అని మొదట ఆ విద్యార్థికే చెప్పి, తరువాత ఇంటివారికి, వైద్యులకు, అవసరమైతే పోలీసులకు తెలియజేస్తారు. మానసిక వేదనలో ఉన్నవారికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

మూడవది: బృందం సభ్యులు ఎవరూ విద్యార్థిని మూసిన గదిలో ఒంటరిగా కలవరు, డబ్బు వ్యవహారాలు పెట్టుకోరు. నమ్మకాన్ని కాపాడాలంటే నమ్మినవారి భద్రతను కూడా కాపాడాలి. తమ పని గురించి బృందం విచారణ సంఘానికి లెక్క చెబుతుంది. పిల్లల వ్యక్తిగత విషయాల గురించి మాత్రం చెప్పదు.

విద్యార్థుల నుంచి ఆశించవలసినది

తోడుండడమంటే ఊరడించడం మాత్రమే కాదు, పని అప్పగించడం కూడా. 1833లో పారిస్ నగరంలో చదువుకుంటున్న ఫ్రెడెరిక్ ఓజనామ్‌కు ఇరవై ఏళ్ళు. ఒకప్పుడు గొప్ప పనులు చేసిన మీ శ్రీసభ ఇప్పుడు పేదలకు ఏం చేస్తున్నదని తోటి యువకులు నిలదీశారు. వాదంతో ఆ ప్రశ్నకు జవాబు లేదని అతనికి తోచింది. విద్యార్థులకు అండగా ఉండే బెయిలీ అనే పెద్దమనిషి ఆ కుర్రవాళ్ళకు కూర్చునే చోటిచ్చి, వారి సమావేశాలకు పెద్దగా ఉన్నారు. పేదవాడలో పనిచేసే సిస్టర్ రోసలీ రెందు వారికి పేదల ఇళ్ళ దారి చూపించారు. అలా కొద్దిమంది విద్యార్థులతో మొదలైనదే మన విచారణల్లో చాలాచోట్ల కనిపించే విన్సెంట్ డి పాల్ సభ. ఓజనామ్‌ను 1997లో, సిస్టర్ రోసలీని 2003లో శ్రీసభ ధన్యులుగా ప్రకటించింది.

ఆ పెద్దమనిషి, ఆ సిస్టర్ ఏం చేశారో గమనించండి. ఆ కుర్రవాళ్ళు తప్పిపోకుండా చుట్టూ గోడ కట్టలేదు. వారి ప్రశ్నను గౌరవించి, వారి కాళ్ళకు పని చెప్పారు. మా పిల్లలు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి వచ్చిన సాయంత్రం షెడ్డులో మాటలు వేరుగా ఉంటాయి. తన తండ్రి వయసున్న రోగికి అన్నం కలిపి పెట్టి వచ్చిన కుర్రవాడు ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాడని విన్నాను. ఎవరూ చెయ్యమనలేదు.

ఎమ్మావు బాట

లూకా సువార్త చివరి అధ్యాయంలోని ఇద్దరు శిష్యులను తలచుకోండి. వారు యెరూషలేమును వదిలి వెళ్ళిపోతున్నారు. ఆశ పోయింది. నడుస్తున్నది తప్పు దిశలో. ఉత్థానుడైన ప్రభువు వారిని ఆపి వెనక్కు తిప్పలేదు. ఆ తప్పు దిశలోనే వారితో కలిసి నడిచాడు. ముందు వారి బాధేమిటో అడిగాడు, చివరిదాకా విన్నాడు. ఆ తరువాతనే వారి మందబుద్ధిని మందలించి లేఖనాలు విప్పి చెప్పాడు. ఊరు చేరాక ఇంకా ముందుకు పోతున్నట్లు కనిపించాడు. ఉండమని వారు బతిమాలితేనే లోపలికి వెళ్ళాడు. రొట్టె విరిచిన క్షణంలో వారి కళ్ళు తెరచుకున్నాయి. వెనక్కు వెళ్ళమని ఎవరూ చెప్పకుండానే ఆ రాత్రే యెరూషలేముకు తిరిగి బయలుదేరారు.

దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2019లో యువతకు రాసిన లేఖలో ఈ ఘట్టాన్నే యువతకు తోడుండే విధానానికి మాదిరిగా చూపారు. అందులో నన్ను ఆలోచింపజేసేది మరొకటి ఉంది. ఆ ఇద్దరూ జారిపోతున్నారని ప్రభువు పేతురుకు కబురు పంపినట్లు సువార్తలో ఎక్కడా లేదు. పేతురుకు ఆ సంగతి తెలిసింది వారి నోటనే, వారు సంతోషంతో తిరిగి వచ్చాక.

కనుక ఆ తండ్రికి నేను చెప్పదలచుకున్నదిది. అయ్యా, మీరు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. సిస్టర్ గారిని మార్చమని నేను చెప్పలేదు, చెప్పను. మీ బిడ్డ గురించి నాకేమీ తెలియదు. తెలిసినా ఆమె అనుమతి లేకుండా చెప్పేవాణ్ణి కాను. కాని మీ బాధ నాకు తెలుసు. బిడ్డను దూరం పంపి, రాత్రి నిద్రపట్టక జపమాల తిప్పే తండ్రి బాధ అది. ఆ జపమాల ఆపకండి. వీలు చూసుకుని ఒక ఆదివారం రండి. ముందుగా చెప్పి రండి. అమ్మాయిని హోటలుకు తీసుకువెళ్ళి భోజనం పెట్టించండి. మొదటి గంట ఏ ప్రశ్నా అడగకండి. తరువాత ఆమెనే అడగండి. ఆమె చెప్పింది మీకు నచ్చకపోయినా, చెప్పినందుకు మెచ్చుకోండి. అప్పుడు మీకు వారం వారం ఫోన్ చేసి చెప్పేది సిస్టర్ గారు కాదు, మీ బిడ్డే.

మిగిలిన విచారణల్లోని తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డలను విశ్వవిద్యాలయానికి పంపేటప్పుడు పరుపు, బకెట్టుతోపాటు ఒక మాట కూడా ఇచ్చి పంపండి: "నువ్వు ఏం చెప్పినా ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుంది" అని. ఆ మాట ఉన్న ఇంటి పిల్లలకు దారి తప్పినా తిరిగి వచ్చే దారి తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం పూజ తరువాత మా షెడ్డులో టీ సిద్ధంగా ఉంటుంది. పూజకు వచ్చినవారికీ ఉంటుంది, రానివారికీ ఉంటుంది.

ఎమ్మావు బాటలో శిష్యులతో నడిచిన ప్రభువు మన బిడ్డలందరితోనూ నడుచునుగాక.